ఐదో తరగతి అడ్రసు

"ఇంకోసారి చెప్పు" అంది భూదేవి.

జమున ఒళ్ళో ఉన్న మరాఠీ నాలుగో తరగతి పుస్తకం అంచును గోటితో గీకుతూ తల వంచుకుని కూర్చుంది. ఎదురుగా ఇనప్పెట్టె మీద కూర్చున్న శివరాం, "ముందుగాల ఆ బిందె దించు వదినే" అన్నాడు.

భూదేవి బిందె దించలేదు. నీళ్ళు చిమ్మి కుచ్చిళ్ళు తడుస్తున్నా పట్టించుకోలేదు. కింద కుళాయి దగ్గర నుంచి రెండంతస్తులు ఎక్కి గుమ్మంలో కాలు పెడుతుండగా విన్న మాట అది. శివరాం మరాఠీలో, పంతులమ్మ అడిగినట్టే గొంతు పెట్టి, "తూ కుఠే రాహతేస్" అన్నాడు. నువ్వెక్కడ ఉంటావని. పదేళ్ళ పిల్ల ఏమాత్రం తడుముకోకుండా "వర్లి" అంది.

బుద్ధెరిగిన దగ్గర నుంచి ఆ పిల్ల ఈ కామాఠీపురా చాల్‌లోనే, వరస గదుల్లో ఈ ఒక్క గదిలోనే పెరిగింది. వర్లిలో ఉండేది శివరాం, భూదేవి మరిది.

"ఎవరిల్లున్నదే వర్లిల?"

పిల్ల బదులు శివరామే చెప్పాడు. "మాదున్నది. బడి కాయితంల మా అడ్రసే రాసిన. పిల్ల గూడ అదే చెప్పాలె కద. రాసిందొకటి, చెప్పేదొకటి అయితే బాగుంటదా?"

"నన్నడగకుండనే రాసినవా?"

"అన్ననడిగిన."

అప్పుడు దించింది బిందె. దించడం కాదు, గచ్చు మీద వదిలేసింది. సగం నీళ్ళు ఒలికి, మూల కూర్చుని కొత్తిమీర కట్టలు కడుతున్న అత్త లక్ష్మవ్వ కాళ్ళ దాకా పారాయి. గ్రాంట్ రోడ్ స్టేషన్ బయట ఆకుకూరలు అమ్ముకునే ఆ ముసలామె కట్టలు పక్కకు జరుపుకుంది తప్ప ఏమీ అనలేదు.

"ఇంకేమేం నేర్పినవ్?" అని అడిగి, శివరాం జవాబు కోసం ఆగకుండా భూదేవి కూతురి ముందు గొంతుక్కూర్చుంది. అతను అడిగిన తీరులోనే మరాఠీలో అడిగింది. "ఇంట్లో ఎవరెవరు ఉంటారు?"

జమున బాబాయి వంక చూసింది. తర్వాత పుస్తకం వంక చూసి, పద్యం ఒప్పజెప్పినట్టు ఒక్క ఊపులో చెప్పేసింది. "ఆయి, బాబా, కాకా, దోన్ భావు."

అమ్మ, నాన్న, బాబాయి, ఇద్దరు తమ్ముళ్ళట. జమునకు తోడబుట్టినవాళ్ళు లేరు. వాళ్ళు శివరాం కొడుకులు.

"ఆయి అంటే ఎవరే?"

శివరాం గొంతు సవరించుకున్నాడు. "వదినే, కోపం చేసుకోకు. రేపు జమునెంబడి నా పెండ్లాం శాంత పోతది. తల్లి లెక్క. నీ మరాఠీ రెండో మాటకే ఎర్కైతది, మనం ఎవరమో, ఏడికెల్లి వచ్చినమో. శాంత వర్లిల పుట్టి పెరిగిన మనిషి. దాని మాట సాఫ్ ఉంటది."

లక్ష్మవ్వ చేతిలోని కొత్తిమీర కట్ట మీద నీళ్ళు చిలకరించి, "నేను లేనారా అందుల?" అని అడిగింది.

"అవ్వా, గవన్ని అడగరు వాండ్లు."

"అడగకుంటే మంచిదే" అంది లక్ష్మవ్వ. మళ్ళీ కట్టలు కట్టడంలో పడింది.

భూదేవికి ఒళ్ళంతా మండిపోయింది. ఈ ఎండాకాలమంతా ఆమె చేసిన పని ఒక్కటే. గల్లీలోని తెలుగు బడి నాలుగో తరగతితో సరి. ఆపైన చదవాలంటే మరాఠీ బడికి పోవాల్సిందే. గిర్గావ్‌లో ఒక మంచి బడి ఐదో తరగతికి పరీక్ష పెట్టి తీసుకుంటుందని శివరామే కబురు తెచ్చాడు. ఆ రోజు నుంచి మధ్యాహ్నాలు, దర్జీ కొట్ల నుంచి తెచ్చుకున్న చొక్కాలకు కాజాలు కుడుతూనే, కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుంది. మనం క.సా.గు. అనే లెక్కను వాళ్ళు ల.సా.వి. అంటారు. భిన్నానికి అపూర్ణాంక్ అని పేరు. రెండు రెళ్ళు నాలుగని పాడిన నోటితోనే బే దుణే చార్ అని పాడాలి. ఇంతకు ముందు బస్సుల బోర్డులు, సినిమా పోస్టర్లు కూడబలుక్కుని చదివే భూదేవి, కూతురికంటే ఒక పాఠం ముందుండడానికి ఆ నాలుగో తరగతి పుస్తకం మొత్తం చదివేసింది. జమున 'ళ' రాయాల్సిన చోట 'ల' రాస్తే మొట్టికాయ వేసేది. అంతకు ముందు రోజు తానూ అదే తప్పు రాసి కొట్టేసిన సంగతి మాత్రం చెప్పేది కాదు.

ఇంతా చేసి, రేపు పరీక్ష రోజున తల్లి వేరొకతె.

"శివరాం, నువ్వు లే" అంది.

"వదినే..."

"లే. అన్న వచ్చినంక రా. ఇద్దరితోని ఒక్కసారే మాట్లాడుత."

* * *

దుర్గయ్య వచ్చేసరికి గదుల ముందరి గ్యాలరీలో దీపాలు వెలిగాయి. ఆ రోజు స్లాబు పోశారేమో, పాదాలకు సిమెంటు ఎండి తెల్లగా పగుళ్ళు తేలింది. గుమ్మంలోనే కాళ్ళు కడుక్కుంటూ భార్య ముఖం చూశాడు. ఆమె వెనకాల తలుపుకు ఆనుకుని నిలబడ్డ తమ్ముణ్ణి చూశాడు. సంగతి అర్థమైంది.

"చెప్పొద్దనే అనుకున్న" అన్నాడు. "చెప్తే గిట్లనే లేస్తవని."

"లేవొద్దా? బిడ్డకు ఇల్లు మార్చినవ్, తల్లిని మార్చినవ్. నిన్ను నువ్వు మంచిగనే ఉంచుకున్నవ్. బాబా అని నీ పేరైతే ఉన్నది."

"పేరు మార్చలే. ఒక్క అడ్రసు."

"ఏం తప్పు చేసినమని? ఈ గల్లీల మనం ఎవరి సొమ్ము తిన్నం? మీ తాత, మీ నాయిన, నువ్వు, ఈ ఊర్ల ఎన్ని బిల్డింగులు లేపిండ్రు? కట్టించుకున్నోడు ఎవడన్నా అడిగిండా ఏ గల్లీకెల్లి వచ్చినవని?"

"ఇటుకలు మోసెటోణ్ణి ఎవడడుగుతడు" అన్నాడు దుర్గయ్య. "పక్కల కూసునేటోణ్ణే అడుగుతరు."

"అడిగితే చెప్పాలె. పక్క గల్లీల సానికొంపలుంటే అది పక్క గల్లీ సంగతి. ఆడ ఉండెటోళ్ళు గూడ మనుషులే. వాండ్ల బిడ్డ ఒకతె మన జమునతోని నాలుగు చదవలేదా? ఆ పిల్లతోని ఆడుకోవద్దని నేను ఏనాడన్న అన్ననా?"

"నువ్వు అనలే. అనెటోళ్ళున్నరు."

శివరాం మధ్యలో కలగజేసుకున్నాడు. "వదినే, పరేషాన్ చేసుడు ఎందుకు? రేపు ఒక్కరోజు. సీటు పక్కా అయినంక ఎవడు పట్టించుకుంటడు?"

"ఒక్కరోజా? రోజు బడి ఇడిసినంక ఏ బస్సెక్కుతది? దోస్తు పిల్ల మీ ఇంటికి వస్తనంటే ఏమని చెప్తది? పండుగనాడు ఏడ ఉన్నవంటే ఏమని చెప్తది? పదో తరగతి దాంక అబద్ధం మోసుకుంట తిరగాల్నా నా బిడ్డ? బ్యాగు బరువు సాలదా దానికి?"

"నీ గొంతు తగ్గించు" అన్నాడు దుర్గయ్య.

"తగ్గించ. చాల్ మొత్తం విననీ. విని నవ్వనీ. కామాఠీపురాల ఉండుకుంట కామాఠీపురాల ఉండనని చెప్పుకునేటోళ్ళ సంగతి అందరికి ఎర్క కానీ."

దుర్గయ్య చేతిలోని చెంబు గోడకేసి కొట్టాడు. చెంబు దొర్లుకుంటూ గ్యాలరీలోకి పోయింది. పక్క గదిలో రేడియో పాట ఆగింది. అక్కడివాళ్ళు కట్టేసి ఉంటారు.

"నేనెందుకు బడి ఇడిసిన్నో ఎర్కేనా నీకు?"

చదువు అబ్బక మానేశాడనే భూదేవి పెళ్ళినాటి నుంచి వింటూ వచ్చింది. అత్త అదే చెప్పింది. అతనూ అదే చెప్పాడు.

"అప్పుడు మన తెలుగు బడి ఏడు దాంక ఉండె. ఎనిమిదోల మరాఠీ బడికి పోయిన. మొదటిరోజు మాస్తర్ అడిగిండు, ఏడుంటవురా అని. చెప్పిన, ఉన్నదున్నట్టే. నువ్వు ఇప్పుడు జమునను చెప్పమంటున్నవ్ కద, గట్లనే. తెల్లారికెల్లి నాకు పేరు లేదు. కామాఠీపురా అంటేనే నేను. హాజరు పిలిచేటప్పుడు మాస్తర్ గూడ గదే అనేటోడు. అందరు నవ్వేటోళ్ళు. మీ గల్లీల రేటెంత అని అడిగేటోళ్ళు. పోనీ అనుకున్న. ఒకనాడు ఒకడు..." దుర్గయ్య ఆగి తల్లి వైపు చూశాడు. చూపు తిప్పుకుని చెప్పాడు. "మీ అవ్వ ఏ కిటికీల కూసుంటదిరా అని అడిగిండు."

లక్ష్మవ్వ చేతులు ఆగిపోయాయి.

"బల్ల మీద డస్టర్ ఉంటే దాంతోని కొట్టిన. నెత్తి పగిలింది వానికి. మీ అవ్వను తోలుకరా అన్నరు హెడ్మాస్తర్. ఏ ముఖం పెట్టుకోని తోలుకపోవాలె? ఎందుకు కొట్టినవంటే అవ్వ ముంగట ఏమని చెప్పాలె? తెల్లారి కూలోళ్ళ అడ్డా మీద పోయి నిలబడ్డ. ఇంతే నా చదువు."

శివరాం నేల చూపులు చూస్తున్నాడు. ఆ సంగతి అతనికి ముందే తెలుసని భూదేవి గ్రహించింది.

"నేనప్పుడు నిన్ను కొట్టిన కదరా" అంది లక్ష్మవ్వ. "బడి ఇడిసినవని కట్టెతోని కొట్టిన. ఆనాడు ఒక్క మాట చెప్తే కొట్టకపోదును."

"చెప్పుడు ఎట్ల అవ్వా."

ముసలామె చేతిలోని కట్ట బుట్టలో పెట్టింది. తర్వాత కోడలి వైపు తిరిగింది. "వర్లి అనే చెప్పనీ బిడ్డా. నేను లేనని చెప్పినా మంచిదే. పిల్ల సదువుకోనీ."

అత్త తన పక్కన నిలబడుతుందని భూదేవి ఎక్కడో ఆశ పెట్టుకుంది. ఆ ఆశ కూడా పోయేసరికి కోపం రెట్టింపైంది. మొగుడి మీద జాలి రాకపోలేదు. ఆ జాలి కూడా కోపంగానే బయటికి వచ్చింది.

"తప్పు మాట అన్నది వాడు. నవ్విండు ఆ మాస్తర్. తప్పు వాండ్లదైతే ఇల్లు మార్చుకునేది మనమా?"

"తప్పు ఎవరిదైతేంది?" అన్నాడు దుర్గయ్య. "బడి ఇడిసింది ఎవరు? నేనా, వాండ్లా?"

"రేపు శాంత పోతది. ముచ్చట అయిపోయింది" అని దుర్గయ్య కంచం ముందుకు లాక్కున్నాడు.

"నన్నెవ్వరు అడగరా?"

అందరూ తిరిగి చూశారు. జమున పుస్తకాన్ని గుండెకు హత్తుకుని నిలబడి ఉంది.

"నిన్నేం అడగాలె?" అన్నాడు దుర్గయ్య.

పిల్ల తండ్రి వంక చూసింది. తల్లి వంక చూసింది. "ఏం లేదు" అని పుస్తకం పట్టుకుని గ్యాలరీలోకి వెళ్ళిపోయింది. ఆ వెళ్ళడంలో కాళ్ళు టపటపమని కొట్టిన చప్పుడు అచ్చం తల్లి కాళ్ళ చప్పుడే.

* * *

తెల్లారి శాంతాబాయి వచ్చేసరికి దుర్గయ్య పనికి వెళ్ళిపోయాడు. శివరాం ప్యూనుగా చేసే ఆఫీసులో సెలవు దొరకలేదు. లక్ష్మవ్వ బుట్టతో స్టేషనుకు వెళ్ళింది. ఇంట్లో తల్లీ కూతురే ఉన్నారు. భూదేవి అప్పటికే పెళ్ళిళ్ళకు కట్టే నీలం చీర కట్టుకుని, జమునకు రెండు జడలు బిగించి వేస్తోంది.

శాంతాబాయి గుమ్మంలో చెప్పులు విడిచింది. తోడికోడలి చీర చూసింది. "అక్కా, నువ్వు పోతున్నవా?"

"నా బిడ్డను నేను తోలుకపోత. నీ మొగనికి ఏం చెప్పుకుంటవో చెప్పుకో."

గొడవ పడడానికి సిద్ధంగా ఉంది భూదేవి. శాంతాబాయి మాత్రం లోపలికి వచ్చి, ఇనప్పెట్టె మీద కూర్చుని, కొంగుతో మెడ తుడుచుకుంది.

"పో అక్కా. నాకు గూడ పోవాలని లేదు. రాత్రి ఆయనతోని అదే లడాయి."

"నీకేమాయె? మాట సాఫ్ ఉంటది కద నీది."

"గా మాటతోనే నన్ను నేను సంపుకుంటున్న." శాంతాబాయి గొంతు మామూలుగానే ఉంది కాని ముఖం ఎర్రబడింది. "పెండ్లైన కాడికెల్లి వర్లిల అందరికి ఏం చెప్తున్ననో ఎర్కేనా? మా అత్తోళ్ళు గిర్గావ్‌ల ఉంటరని. మా నాయినకు మిల్లు బంద్ అయి, సమ్మె సమ్మె అనుకుంట ఇంట్ల కూసున్నప్పుడు, బియ్యం బుట్ట నెత్తిన పెట్టుకోని అత్త మా ఇంటికి నడుసుకుంట వచ్చింది. పక్కింటామె ఎవరీమె అంటే, పనామె అని చెప్పిండు మీ మరిది. అత్త విన్నది. విని, బియ్యం దించి, చాయ్ గూడ తాగకుంట పోయింది. మా పిల్లగాండ్లకు నాయినమ్మ ఇల్లు ఏ గల్లీల ఉన్నదో ఇప్పటిదాంక ఎర్కలేదు."

భూదేవి చేతిలో రిబ్బను అలాగే ఉండిపోయింది. అత్త ఆ సంగతి ఏనాడూ చెప్పలేదు. నిన్న శివరాం 'గవన్ని అడగరు' అన్నప్పుడు ఆమె ఎందుకు అంత తేలిగ్గా ఊరుకుందో ఇప్పుడు తెలిసింది.

"నాకెందుకు చెప్పలే?"

"నీకు చెప్తే ఊకుంటవా అక్కా" అంది శాంతాబాయి. "పోండి. నేనీడనే కూసుంట. పిల్లగాండ్లను మా అమ్మ చూసుకుంటది."

మెట్లు దిగుతూ భూదేవి కూతురి చేయి పట్టుకుని చెప్పింది. "అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పు."

"సీటు రాకపోతే?"

"రాకపోతే ఇంకో బడి చూద్దం."

"నాయినకు గూడ ఇంకో బడి ఉండెనా?" అని అడిగింది జమున.

భూదేవి చేయి విదిలించుకుని ముందుకు నడిచింది.

* * *

బడి పెద్ద పంతులమ్మ, హెడ్ బాయి, సన్నగా, పొడుగ్గా ఉంది. నెరిసిన జుట్టు బిగించి ముడి వేసుకుంది. కఠినంగా ఉంటుందనుకుంటే అలా లేదు. అదే భూదేవికి ఇబ్బందైంది. దురుసుగా మాట్లాడితే తానూ దురుసుగా మాట్లాడవచ్చని ఇంటి నుంచే గొంతులో నాలుగు మాటలు పెట్టుకుని వచ్చింది.

జమునను బల్ల దగ్గరికి పిలిచి పుస్తకం తీసి చదవమంది. జమున చదివింది. రెండు చోట్ల ఆగి, తనకు తానే దిద్దుకుని ముందుకు పోయింది. తర్వాత పలక మీద రెండు అపూర్ణాంకాలు రాసి కూడమంది. జమున పెదవులు కదులుతున్నాయి. లోపల తెలుగులో లెక్క వేసుకుంటోందని భూదేవికి తెలుసు. జవాబు మాత్రం మరాఠీలో చెప్పింది. సరైన జవాబే. తర్వాత కమలాన్ని మరాఠీలో 'కమళ్' అని రాయించింది. జమున ఒక్క క్షణం తల్లి వంక చూసి, 'ళ' పెట్టి రాసింది. భూదేవికి కళ్ళు చెమర్చాయి. అంతలోనే ఆ ప్రశ్న వచ్చింది.

"ఎక్కడుంటావు నువ్వు?"

జమున తల్లి వంక చూడలేదు. గోడ మీది పటం వంక చూస్తూ, "వర్లి" అంది.

"అంత దూరం నుంచా? రోజూ ఎలా వస్తావు?"

"కాకా ఆఫీసు ఈ పక్కనే. ఆయనతోబాటు వస్తా." ఎవరూ నేర్పని ఒక మాట కూడా చేర్చింది. "నాకు బస్సు ప్రయాణమంటే ఇష్టం."

హెడ్ బాయి నవ్వింది. "నీతో వచ్చినావిడ ఎవరు?"

"ఆయి" అంది జమున. ఈసారి తల్లి వైపు తిరిగి, నేరుగా చూసి చెప్పింది.

భూదేవి నోరు తెరిచింది. మా ఇల్లు కామాఠీపురాలో, అని మరాఠీలో ఎలా అనాలో దారి పొడుగునా కూడబలుక్కుంది. ఆ మాట నాలుక చివర ఉండగానే హెడ్ బాయి జమునను అడిగింది. "తెలుగు బడి నుంచి వచ్చి ఇంత శుద్ధంగా రాస్తున్నావే. ట్యూషన్ ఎక్కడ?"

"ట్యూషన్ లేదు. మా ఆయే చెప్పింది."

హెడ్ బాయి తలెత్తి భూదేవిని చూసింది. మర్యాద కోసం చూసే చూపు కాదు. కాజాల సూది గుచ్చుకుని నల్లబడ్డ వేలి కొసల నుంచి ముఖం దాకా, ఒక మనిషిని మరో మనిషి చూసినట్టు చూసింది. "చాలా బాగా చెప్పారు" అంది. "అమ్మాయిని తీసుకుంటాం. బడి తెరిచే రోజు పంపండి."

పుట్టి ఇన్నేళ్ళలో భూదేవితో ఎవరూ అలా అనలేదు. తెరిచిన నోటిలోని మాట లోపలికి వెళ్ళిపోయింది. చేతులు జోడించి నమస్కారం పెట్టింది. అబద్ధానికి పెట్టానా నమస్కారం, మెప్పుకు పెట్టానా అని వరండాలోకి వచ్చాక గాని ఆమెకు తట్టలేదు. అప్పుడు కూతురి మీద కంటే తన మీదే ఎక్కువ కోపం వచ్చింది.

"అమ్మా" అంది జమున. "సీటొచ్చింది."

భూదేవి గేటు వైపు నడిచింది.

* * *

బస్సులో వెనక సీటు దొరికింది. కండక్టరు రాగానే "నాగ్‌పాడా. ఒక ఫుల్లు, ఒక హాఫ్" అని టికెట్లు తీసుకుంది. జమున కిటికీ పక్కన కూర్చుని, మాట్లాడాలని రెండుసార్లు నోరు తెరిచి, తల్లి ముఖం చూసి మూసుకుంది.

గ్రాంట్ రోడ్ దాటగానే ముందు సీటులోంచి ఒక పిల్ల తల తిప్పి చూసింది. ఇందాక బడి వరండాలో పరీక్షకు కూర్చున్న పిల్లల్లో ఒకతె. "నీకొచ్చిందా?" అని మరాఠీలో అరిచింది. జమున తలూపింది. "నాకూ వచ్చింది. నా పేరు వైశాలి. ఇటు రా."

జమున తల్లిని అడగకుండానే వెళ్ళి ఆ పిల్ల పక్కన ఇరుక్కుని కూర్చుంది. వైశాలి తండ్రి లేచి చోటిచ్చి, కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. చొక్కా జేబులో పెన్ను ఉంది. మంచి మనిషిలాగే ఉన్నాడు.

"ఎక్కడమ్మా మీ ఇల్లు?" అని అడిగాడు.

"వర్లి."

"అయితే రోజూ తోడు దొరికింది. మేం సాత్ రస్తాలో దిగుతాం. మీరు మా తర్వాత దిగుతారు."

ఇదంతా భూదేవికి వినబడుతూనే ఉంది. పిల్లలిద్దరూ తలలు దగ్గర పెట్టుకుని ఏదో చెప్పుకుని నవ్వారు. జమున అలా నవ్వి ఎన్ని రోజులైందో.

నాగ్‌పాడా స్టాపు వచ్చింది. దిగమని కండక్టరు గంట తాడు పట్టుకుని అరిచాడు. "నాగ్‌పాడా, కామాఠీపురా, ఉతరా."

భూదేవి లేచింది. జమున కూర్చున్న సీటు పక్కకు వచ్చి నిలబడింది. కూతురు తలెత్తలేదు. మెడ బిగపట్టుకుని, ముందు సీటు వెనక చెక్క మీద ఎవరో చెక్కిన పేరు వంక చూస్తూ కూర్చుంది. చెవుల దాకా ఎర్రబడింది.

వైశాలి తండ్రి మర్యాదగా పక్కకు జరిగాడు. "ఇక్కడ దిగుతున్నారా?"

భూదేవి చూపు కూతురి మీదే ఉంది. దిగేవాళ్ళు దిగిపోయారు. కండక్టరు వెనక నుంచి కేక వేశాడు. "ఓ బాయీ, మీ టికెట్ ఇక్కడి దాకే. దిగండి, దిగండి."

అప్పుడు జమున తలెత్తి తల్లిని చూసింది. పొద్దున చేయి విదిలించుకున్నప్పుడు కూడా ఆ పిల్ల ముఖంలో అంత భయం లేదు. వైశాలి, వైశాలి తండ్రి, కండక్టరు, ముగ్గురూ తననే చూస్తున్నారు.

భూదేవి ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, రెండో చేత్తో కొంగు ముడి విప్పింది.

"తప్పు చెప్పిన" అంది తన తెలుగు మరాఠీలో. "వర్లి. ఒక ఫుల్లు, ఒక హాఫ్."

కండక్టరు గొణుక్కుంటూ టికెట్లు చించాడు. బస్సు కదిలింది. తమ గల్లీ మొదట్లోని కిరాణా కొట్టు, బుట్టలు దించుకున్న ఆడవాళ్ళు, తెలుగు బడి గోడ వరసగా వెనక్కి వెళ్ళిపోయాయి. భూదేవి వెనక సీటులోకి వచ్చి కూర్చుంది. నిన్న మొగుడి మీద, మరిది మీద ఏ మాటకు గొంతు చించుకుని అరిచిందో ఆ మాట ఇప్పుడు తన నోటి నుంచే వచ్చింది. నేర్పినవాళ్ళు ఎవరూ లేరు. తనకు తానే నేర్చుకుంది.

సాత్ రస్తాలో తండ్రీ కూతురూ దిగారు. వైశాలి ఫుట్‌పాత్ మీద నిలబడి చేయి ఊపింది. జమున కూడా ఊపింది. బస్సు మలుపు తిరిగాక లేచి తల్లి దగ్గరికి వచ్చింది.

"అమ్మా, వచ్చే స్టాపుల దిగుదమా? వాపసు నడుసుకుంట పోవచ్చు."

"కూసో."

"వాండ్లు దిగిపోయిండ్రు కద."

"టికెట్ వర్లి దాంక తీసిన. కూసో."

జమున కూర్చుంది. రెండు స్టాపులు దాటాయి. "వర్లిల మనకేం పనున్నది?" అని మెల్లగా అడిగింది.

"నీ ఇల్లున్నదంటివి కద. పోయి చూద్దం."

"చిన్నమ్మ మనింట్లనే కూసున్నది. ఆడ తాళమేసి ఉంటది."

"ఉండనీ. గుమ్మం ముంగట కూసుందం." భూదేవి కిటికీ వైపు నుంచి తల తిప్పి కూతురి కళ్ళలోకి చూసింది. "నాయినమ్మను చూసి ఎవరీమె అన్న ఆ పక్కింటామె బయటికొచ్చి అడుగుతది, మీరెవరు, ఏడికెల్లి వచ్చిండ్రని. నేనైతే నోరు విప్ప. నువ్వే చెప్పాలె."